పక్కూరి దాకా

నవంబరు, మొదటి గురువారం. మబ్బు. గాలి లేదు. మధ్యాహ్నం మా ఊరి శ్మశానంలో ఎదురింటాయన చితాభస్మం ఖననం.

వచ్చినవాళ్ళు: రోస్టాక్ నుంచి ఆయన మేనకోడలు. మా ఊరి బుర్గర్‌మైస్టర్, అంటే జీతం లేని సర్పంచి. ఊళ్ళో నిప్పంటుకుంటే ఆర్పే స్వచ్ఛంద దళం నుంచి ఇద్దరు, యూనిఫారాల్లో. నాలుగు మాటలు చెప్పడానికి టౌను నుంచి పిలిపించిన వక్త. బస్సు డ్రైవరమ్మ, డ్యూటీ చొక్కా మీద నల్లకోటుతో. నేను.

"చాలామందే వచ్చారు," అన్నాడు సర్పంచి నా చెవిలో. వెటకారం కాదు. మా ఊరికి ఇది నిజంగా చాలామందే.

ఉద్యోగంలో చేరిన నాటి నుంచి డైరీ రాస్తున్నాను. తేదీ, వాతావరణం, ఎవరెవరున్నారు, ఈ మూడూ రాశాకే మిగతాది. ఇవాళ ఆ మూడూ రాశాక మిగతాది ఆ పేజీలో పట్టదనిపించి విడి కాగితాలు తీసుకున్నాను. వక్తగారు ఆయన పుట్టిన ఊరు, చదివిన బడి, సహకార వ్యవసాయ క్షేత్రంలో కోత మిషను నడిపిన కాలం అన్నీ వరసగా చదివారు. అందులో తప్పేమీ లేదు. ఆయన మాత్రం అందులో లేడు.

ఆయన పేరు ఇక్కడ రాయను. మా ఇంట్లో ఎవరూ ఆ పేరు వాడలేదు. ఆ ఇంటిపేరులో మూడు నాలుగు హల్లులు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి. మా ఆవిడ రెండుసార్లు ప్రయత్నించి, "మన వల్ల కాదండీ, ఎదురింటాయన అనుకుందాం," అంది. అదే ఖాయమైంది.

బెర్లిన్ దాటి ఉత్తరానికి వచ్చేకొద్దీ నేల చదునవుతుంది. ఊళ్ళు పలచబడతాయి. మాది ఒక గెమైండె, అంటే మన పంచాయతీ లాంటిది. చాలా ఊళ్ళు కలిస్తే ఒక గెమైండె, ఆ ఊళ్ళ జనమంతా కలిసినా ఇంతకుముందు దక్షిణాన ఎర్లాంగెన్ పట్నంలో మేమున్న వీధి జనాభాకు సరిపోతుందో లేదో. ఊరికీ ఊరికీ మధ్య గోధుమ, ఆవ, చక్కెరదుంప. ఆ పైన ఆకాశం. మా ఊళ్ళో సగం ఇళ్ళకు తాళాలు. కొట్టు లేదు, బడి లేదు. చర్చికి తలుపుంది గానీ పాదిరి లేడు.

ఇక్కడికి రావడం మా ఆవిడ కోరిక. ఎర్లాంగెన్‌లో నేను ఉద్యోగం చేసినంత కాలం అపార్ట్‌మెంటు బాల్కనీలో కుండీల్లో గోంగూర పెంచింది. నేను రిటైరైన రోజున అడిగింది: "నాకింత మట్టి కావాలండీ. కుండీలో వేళ్ళు చుట్టలు చుట్టుకుని చస్తున్నాయి." మ్యూనిక్‌లో ఉన్న మా అమ్మాయి ఇంటర్నెట్‌లో వెతికి, ఈ ఇల్లు చూసి, "నాన్నా, అక్కడ నెట్‌వర్క్ కూడా రాదు!" అని నవ్వింది. మేం కొనేశాం.

మట్టి దొరికింది. నల్లగా, మెత్తగా, ఎంత కావాలంటే అంత. మొదటి నెల తిరక్కుండానే మా ఆవిడ గుమ్మంలో కూర్చుని రోడ్డుకేసి చూస్తూ అంది: "మట్టి అడిగాను గానీ మనుషులొద్దన్నానా?"

సామాను లారీ వచ్చిన రోజునే ఎదురింటాయన మాకు తెలిశాడు. కూలీల్లో ఒకడి చెయ్యి జారి కుట్టుమిషను రోడ్డు మీద పడింది. మా ఆవిడ పెళ్ళికి వాళ్ళ నాన్న కొనిచ్చిన మిషను అది. తెనాలి నుంచి ఓడలో వచ్చింది. పక్కనుండే చక్రం రెండు ముక్కలైంది. ఆవిడ మెట్టు మీద కూలబడి చిన్నపిల్లలా ఏడ్చింది. నేను కూలీలతో జర్మన్‌లో పోట్లాడుతున్నాను. ఎదురింటి గేటు తీసుకుని నీలం పనికోటులో ఒక పొడుగాటి ముసలాయన రోడ్డు దాటి వచ్చాడు. నాకేసి గానీ కూలీలకేసి గానీ చూడలేదు. మిషను పక్కన ఒక మోకాలు మీద కూర్చుని, విరిగిన చక్రం చేతిలోకి తీసుకుని, మా ఆవిడ వైపు తిరిగి మెల్లగా అన్నాడు:

"నా, నా, నా..."

ఆవిడ ఏడుపు ఆపి తలెత్తింది.

జర్మన్‌లో 'నా' అన్నది పూర్తి మాట కూడా కాదు. ఎదురుపడినవాళ్ళు "నా?" అంటే ఏంటి సంగతులు అని. రెండు మూడుసార్లు మెల్లగా అంటే ఊరుకో, ఏం కాలేదు అని. ఏడ్చే పిల్లల్ని అలాగే సముదాయిస్తారు. ఎదురింటాయన దాన్ని అందరికీ వాడేవాడు. స్టార్టవని ట్రాక్టరుకి, అరిచే కుక్కకి, గాలివానకి, ఊరి అవతల గిర్రున తిరిగే గాలిమరలకి కూడా. ఒకసారి ఆ మరలకేసి చెయ్యి చూపిస్తూ "నా, నా, మెల్లగా," అనడం నేనే విన్నాను.

ఆయన మిషను ఎత్తుకుని వాళ్ళింటికి పట్టుకుపోయాడు. లారీ వెళ్ళాక మా ఆవిడ నా దగ్గరికి వచ్చింది. కళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి.

"విన్నారా? ఆయన నన్ను నాన్నా అన్నాడండీ."

నేను నోరు తెరిచాను.

"మా నాన్న పోయాక నన్నలా పిలిచినవాళ్ళు లేరు," అంది.

నేను నోరు మూసుకున్నాను.

మిషను కొన్నాళ్ళకి తిరిగొచ్చింది. విరిగిన చక్రం స్థానంలో ఏదో పొలం యంత్రం నుంచి తీసిన చక్రం, ఆకుపచ్చ రంగుది, బిగించాడు. కొంచెం పెద్దది. తొక్కుతుంటే మిషను మొత్తం ఊగేది. "పొలం దున్నుతున్నట్టుందండీ," అని మా ఆవిడ నవ్వుకుంటూ కుట్టుకునేది. దాన్ని మార్పించడానికి మాత్రం ఒప్పుకోలేదు.

ఆ తర్వాత రోజూ పొద్దున్నే రోడ్డుకడ్డంగా ఒక సంభాషణ జరిగేది. ఆవిడ గుమ్మంలోంచి గట్టిగా కేకేసేది: "నాన్నగారూ, బావున్నారా?"

ఆయన టోపీ పైకెత్తి, "ముస్ యా," అనేవాడు. బాగుండక తప్పుతుందా అని ఆ మాటకి అర్థం. ఈ ప్రాంతంలో ఎవరిని ఎలా ఉన్నావన్నా అదే జవాబు.

"చూశారా? తనని తనే ముసలయ్యా అనుకుంటున్నాడు పాపం," అని మా ఆవిడ నాతో అని, మళ్ళీ అటు తిరిగి, "ఏం కాదు నాన్నగారూ, మీరింకా గట్టిగానే ఉన్నారు!" అనేది.

ఆయన తల ఊపేవాడు. ఇద్దరూ సంతోషంగా ఎవరి పనికి వాళ్ళు పోయేవాళ్ళు. రెండు భాషలూ వచ్చిన నేనొక్కణ్ణే ఆ సంభాషణలో పనికిరాని మనిషిని.

ఆయన ఏనాడూ మా గడప దాటి లోపలికి రాలేదు. ఏదిచ్చినా గుమ్మంలో నిలబడే తినేవాడు. అందుకని మా ఆవిడ గుమ్మం బయట ఒక కుర్చీ వేయించింది. ఆయన దాని మీద టోపీ పెట్టేవాడు, తను నిలబడేవాడు. కందిపొడి ఇస్తే వెన్న రాసిన రొట్టె మీద చల్లుకున్నాడు. సీసా ఖాళీ అయ్యాక కడిగి, అందులో ప్లమ్ పండ్ల జామ్ నింపి గుమ్మంలో పెట్టి వెళ్ళాడు. ఆ సీసా అలా ఇటూ అటూ ఎన్నేళ్ళు తిరిగిందో.

ఒక శరదృతువులో ఆయన పొలం వైపు చెయ్యి చూపించి "మీటె" అన్నాడు. పొలం అంచున తవ్వి తీసిన చక్కెరదుంపలు పొడుగ్గా, గోడలా పోగేసి ఉన్నాయి. ఆ పోగుని ఇక్కడి రైతులు మీటె అంటారు. మా ఆవిడకి తెలిసిన మీటె ఒకటే, ఎర్లాంగెన్‌లో నెల నెలా కట్టిన ఇంటద్దె.

"దుంపలకి కూడా మీటేనా? ఎవరు కడతారండీ?"

నేను వివరించాను. ఆవిడ నమ్మలేదు. "ఊరికే ఎవరిస్తారు, చోటిచ్చినందుకు ఏదో ముట్టజెప్పాలిగా," అంది. చివరిదాకా అదే నమ్మకం.

మేం వచ్చిన కొన్నేళ్ళకి నా కళ్ళలో ప్రెషర్ పెరిగింది. డాక్టరు కారు నడపొద్దన్నాడు. మా ఆవిడకి డ్రైవింగ్ రాదు. మిగిలింది బస్సు. పొద్దున ఒకటి టౌనుకి వెళ్తుంది, మధ్యాహ్నం తిరిగొస్తుంది. స్టాపు మా ఇంటికి కనుచూపు మేరలోనే, పాత కాలపు సిమెంటు గూడు, లోపల ఒక బెంచీ. టౌనులో ఆడవాళ్ళు కూడి కుట్టుకునే గది ఒకటుంది. సిరియా వాళ్ళు, ఉక్రెయిన్ వాళ్ళు, ఆఫ్ఘనిస్తాన్ వాళ్ళు. మా ఆవిడ మంగళవారం, శుక్రవారం అక్కడికి వెళ్ళేది. వాళ్ళకి జాకెట్టు కట్టింగ్ నేర్పేది. వాళ్ళ దగ్గర ఇంకేదో నేర్చుకునేది.

"ఏ భాషలో మాట్లాడుకుంటారు?" అని అడిగాను ఒకసారి.

"అందరం మూగవాళ్ళమే. అందుకే గోలగోలగా ఉంటుంది," అంది.

ఆ రెండు రోజుల కోసం మిగతా ఐదు రోజులు బతికేది. నేను ఇది అతిశయోక్తిగా రాయడం లేదు. బుధవారం నాటికి ఆవిడ మాట తగ్గిపోయేది. కిటికీలోంచి చూస్తూ, "కళ్ళు ఆనుకోడానికి ఏదీ లేదండీ ఇక్కడ," అనేది. సోమవారం సాయంత్రం మళ్ళీ గుడ్డముక్కలు సర్దుకుంటూ హుషారుగా పాడుకునేది.

అప్పుడు స్టాపు గోడ మీద ఒక నోటీసు అంటించారు. ఎక్కేవాళ్ళు లేని స్టాపుల్లో ఇకపై బస్సు ఆగదనీ, కావలసినవాళ్ళు ముందుగా ఫోన్ చేసి పిలిపించుకోవాలనీ. నేను చదివి చెప్పాను.

"ఫోన్లో జర్మన్ మాట్లాడి బస్సుని పిలవాలా నేను? అంతకంటే ఇంట్లోనే పడుంటా," అంది. రెండు రోజులు గోంగూర మడి దగ్గరికి కూడా పోలేదు.

తర్వాత సోమవారం పొద్దున ఎదురింటాయన సంచీ చంకన పెట్టుకుని బస్సెక్కాడు. ఆయన టౌనుకి వెళ్ళడం మేమెప్పుడూ చూడలేదు. బుధవారం ఎక్కాడు. గురువారం ఎక్కాడు. నేను డైరీలో 'ఎదురింటాయనకి టౌనులో ఏదో పని పడినట్టుంది' అని రాసి ఊరుకున్నాను. కనిపెట్టింది మా ఆవిడే.

"మీరు గమనించారా? నేను వెళ్ళని రోజునే ఆయన వెళ్తాడు. నేను వెళ్ళే రోజున గేటు దగ్గర నిలబడి చెయ్యి ఊపుతాడు."

"టౌనులో ఏం పనో."

"టౌనుకి కాదండీ, పక్కూరి దాకానే. అక్కడ దిగి పొలం బాటన నడిచి వచ్చేస్తాడు. డ్రైవరమ్మ చెప్పింది."

"ఏ భాషలో?"

"చేతుల్తో. వెటకారాలు ఆపండి. సంచీలో ఏం ఉండదు, నేను చూశాను. చిరుగు కూడా పడింది."

నేను రోడ్డు దాటి వెళ్ళి ఆయన్ని అడిగాను, ఈ ప్రయాణం ఎందుకని. ఆయన కట్టెలు పేరుస్తున్నాడు. పేర్చడం ఆపకుండానే అన్నాడు:

"బస్సుకి అలవాటు తప్పకూడదు."

అంతే. ఆ వారంలోనే మా ఆవిడ పాత మంగళగిరి చీర ఒకటి కోసి, అంచు పైకి వచ్చేలా పెట్టి, ఆకుపచ్చ చక్రం తిప్పి, ఆయనకి సంచీ కుట్టింది. జరీ అంచున్న సంచీ పట్టుకుని, నీలం పనికోటు వేసుకుని, చెవుల టోపీ పెట్టుకుని, వానలోనూ మంచులోనూ ఆయన పక్కూరి దాకా వెళ్ళి నడిచి వచ్చేవాడు. ఈ చదునులో వచ్చేవాళ్ళు చాలా ముందు నుంచే కనిపిస్తారు. మా ఆవిడ కిటికీలోంచి చూస్తుండేది. చుక్కలా మొదలై, కర్రలా సాగి, మెల్లగా మనిషయ్యేవాడు. "అదుగో నాన్నగారు వచ్చేశారు," అని అప్పుడు లేచి వంటింట్లోకి వెళ్ళేది. ఒకసారి అంది: "ఇక్కడ ఒకటి మంచిదండీ. వెళ్ళేవాళ్ళు తొందరగా కనుమరుగు కారు."

ఆవిడ రెండేళ్ళ కిందట చలికాలంలో పోయింది. గుండె. ఒక్క పూటలో అంతా అయిపోయింది. చితాభస్మం ఇక్కడే, ఈ శ్మశానంలోనే పెట్టించాను. అమ్మాయి ఇండియా తీసుకెళ్దామంది. నేను ఒప్పుకోలేదు. ఆ రోజు ఎదురింటాయన తనకి వదులైపోయిన సూటు వేసుకొచ్చాడు. అందరూ గుప్పెడు మట్టి వేశారు. ఆయన మట్టి వేసి, వంగి, "నా, నా," అన్నాడు. నాతో అన్నాడో ఆవిడతో అన్నాడో తెలియలేదు.

ఆ తర్వాత ఆయన అన్ని రోజులూ బస్సెక్కసాగాడు. మంగళవారం, శుక్రవారం కూడా. నేను ఇంట్లోంచి కదలడం మానేశాను. పాలు, రొట్టె ఆయనే తెప్పించి కుర్చీ మీద పెట్టి వెళ్ళేవాడు. డైరీలో తేదీ, వాతావరణం రాసేవాణ్ణి. ఎవరెవరున్నారు అన్నచోట నా ఒక్కడి పేరు రాయడం ఎందుకని ఖాళీ వదిలేసేవాణ్ణి.

ఒక మంగళవారం పొద్దున తలుపు తట్టారు. తెరిస్తే ఆయన.

"నా?"

"రండి లోపలికి."

"రాను. కోటు వేసుకో. ఇవాళ నీ వంతు."

అన్నేళ్ళూ ఆయన నన్ను మీరు అనే అన్నాడు. మొదటిసారి నువ్వు అన్నాడు.

"నా వంతేమిటి?"

"మంగళవారం ఆవిడ రోజు. నాది కాదు. నాకు మోకాలు నొప్పి."

"ఇంకెవరి కోసం వెళ్ళడం? ఆవిడ లేదు కదా."

ఆయన కుర్చీ మీదున్న నా పాలసీసా తీసి నా చేతిలో పెట్టాడు. "నువ్వున్నావుగా. ఎప్పుడో ఒక రోజు ఎక్కడికైనా వెళ్ళాలనిపిస్తుంది. ఆ రోజున బస్సు లేకపోతే?"

కోటు వేసుకున్నాను. మోకాలు నొప్పి అన్నవాడు నాతో పాటే వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. డ్రైవరమ్మ తలుపు తీసి మమ్మల్ని చూసి కళ్ళు పెద్దవి చేసింది.

"ఇద్దరా! ఇవాళ ఊళ్ళో పండగా ఏంటి?"

"పక్కూరి దాకా. రెండు," అన్నాడాయన.

పక్కూళ్ళో దిగి పొలం బాట పట్టాం. సగం దూరంలో దుంపల పోగు దగ్గర ఆయన మోకాలు పట్టుకుని ఆగాడు. ఆ దుంపల పోగు చూసి నేను, మా ఆవిడ దానికి అద్దె ఉంటుందని నమ్మిన సంగతి చెప్పాను. ఆయన నవ్వలేదు. ఆలోచించాడు.

"నన్నేదో అనేది ఆవిడ. నానగారు. ఏంటది?"

"తండ్రిగారూ అని."

"నన్నా? ఎందుకు?"

"మొదట మీరే ఆవిడని అలా పిలిచారు. కుట్టుమిషను విరిగిన రోజు. నా, నా, నా అన్నారు. ఆవిడకి అది మా భాషలా వినబడింది."

"నేను ఆవిడని తండ్రీ అన్నానా?"

"మేం పిల్లల్ని కూడా అలాగే పిలుస్తాం. ముద్దొస్తే, జాలేస్తే. కూతుర్ని నాన్నా అంటాం."

"కూతుర్ని తండ్రీ అంటారు."

"అవును."

"నేను ఆవిడని తండ్రీ అన్నాను. ఆవిడ నన్ను తండ్రీ అంది." కర్రతో ఒక దుంపని తట్టాడు. "మరి మా ఇద్దర్లో పిల్ల ఎవరు?"

నాకు నవ్వొచ్చింది. ఆవిడ పోయాక నవ్వడం అదే మొదలు. నవ్వుతూ నవ్వుతూ దుంపల పోగుకి ఆనుకుని చాలాసేపు ఉండిపోయాను. ఆయన అటు తిరిగి నిలబడ్డాడు, నా మొహం చూడకుండా.

"నువ్వు చెప్పలేదా ఆవిడకి? అది ఉత్త నా, నా అని?"

"చెప్పలేదు. చెప్పినా నమ్మేది కాదు. దుంపలకి అద్దె లేదంటేనే నమ్మలేదు."

"మంచిపని చేశావు," అన్నాడు.

అప్పటినుంచి మంగళవారం, శుక్రవారం నావి. మిగతావి ఆయనవి. ఆ తర్వాత కూడా ఆయన కుక్కనీ ట్రాక్టరునీ "నా, నా" అనే అనేవాడు. కానీ నా కళ్ళ పరీక్ష బాగా రాని రోజున, అమ్మాయి ఫోన్ పెట్టేసిన సాయంత్రం, గుమ్మంలో నిలబడి ఆయన అదే మాట అంటే, రెండు అక్షరాల మధ్య ఖాళీ ఉండేది కాదు. జర్మన్‌లో అన్నాడో తెలుగులో అన్నాడో నేను అడగలేదు.

ఆయన పోయింది బస్సు స్టాపులో. పోయిన నెల ఒక సోమవారం. ఖననం అయ్యాక శ్మశానం గేటు దగ్గర డ్రైవరమ్మ నాకు చెప్పింది, సిగరెట్టు వెలిగించడం మరిచిపోయి వేళ్ళ మధ్య తిప్పుతూ.

"తలుపు తీసి ఆగాను. బెంచీ మీదే ఉన్నాడు, ఒళ్ళో సంచీ. లేవలేదు. నా? అన్నాను. పలకలేదు. బద్ధకమా ముసలాయనా, ఇవాళ నిన్ను ఎత్తుకుని ఎక్కించాలా అన్నాను. అలా అన్నాను నేను."

"మీకేం తెలుసు."

"ఎప్పటికైనా లేస్తాడని ఆగాను." ఆమె సిగరెట్టు మళ్ళీ పెట్టెలో పెట్టేసింది. "ఆ సోమవారం నుంచి మీ స్టాపులో ఎవరూ ఎక్కలేదు. నేను రోజూ ఆపుతున్నాను. ఆపి, తలుపు తీసి, మూసి, పోతున్నాను. కానీ టికెట్ మిషన్లో ఏం కొట్టను? వాళ్ళు చూసేది ఆ మిషన్నే. ఈ ఏడాది చివర్లో మళ్ళీ స్టాపుల సంగతి చూస్తారట."

ఆయన పోయిన మర్నాడు మంగళవారం, నా వంతే. కోటు వేసుకుని గుమ్మం దాకా వెళ్ళాను. ఆ బెంచీ మీద కూర్చోవడం నా వల్ల కాలేదు. శుక్రవారం కూడా కాలేదు.

మేనకోడలు ఒక సంచీ పట్టుకుని నా దగ్గరికొచ్చింది. "ఆసుపత్రి వాళ్ళు ఆయన వస్తువులతో ఇచ్చారు. లోపల ఏమీ లేదు. ఈ బట్ట ఎక్కడిదో, మా వైపు ఎక్కడా చూడలేదు. పారెయ్యడానికి మనసొప్పలేదు. మీదేమైనా..."

"మా ఇంట్లోదే," అన్నాను.

ఇంటికొచ్చేసరికి ఫోన్ మోగుతోంది. మా అమ్మాయి.

"నాన్నా, తిన్నావా?"

"తిన్నాను."

"అబద్ధం. సరే విను, సాటర్డే ఐసీఈ ట్రెయిన్ బుక్ చేశాను. నేనే వచ్చి తీసుకెళ్తాను. ఇక్కడ ఊబాన్ మెట్రో మా ఇంటి కిందే. ఇక్కడ కళ్ళ డాక్టర్ దగ్గర నీకు అపాయింట్‌మెంట్ కూడా తీసుకున్నాను. ఇంకా ఏం మాట్లాడకు."

"మీ అమ్మ ఇక్కడుంది కదమ్మా."

"నాన్నా..." గొంతు తగ్గించింది. "అమ్మ ఆ మట్టిలో లేదు."

"మట్టే అడిగింది మీ అమ్మ."

అవతల ముక్కు తుడుచుకుంటున్న చప్పుడు.

"నాకు మాత్రం ఇష్టమా నిన్ను లాక్కురావడం? ఆయనున్నాడు కదా అని ఇన్నాళ్ళూ ధైర్యంగా పడుకున్నాను. ఇప్పుడెవరున్నారు? నీ కన్ను పూర్తిగా మసకేస్తే? నువ్వు డ్రైవ్ చెయ్యలేవు. ఆ బస్సు కూడా ఆగకపోతే అక్కడ ఎలా ఉంటావు, చెప్పు?"

ఆ మాట నిజమే. దాని మీద వాదించడానికి ఏమీ లేదు. బస్సు లేకపోతే నేను ఇక్కడ ఉండలేను. నేను వెళ్ళిపోతే ఈ స్టాపులో ఎక్కేవాళ్ళూ ఉండరు.

"ఆగితే?" అన్నాను.

"ఏంటి?"

"బస్సు ఆగితే?"

"పొద్దున్నే చేస్తా. ముందు ఏదైనా తిను," అని పెట్టేసింది.

ఇంతవరకూ గురువారం రాసింది. మిగతాది మర్నాడు.

శుక్రవారం పొద్దున లేచి కోటు వేసుకున్నాను. మంగళగిరి సంచీ తీసుకున్నాను. ఏమైనా పెట్టుకుందామా అని చూసి, ఖాళీగానే మడిచి చంకన పెట్టుకున్నాను. ఎదురింటి గేటు వేసి ఉంది. గేటు దగ్గర చెయ్యి ఊపేవాళ్ళు లేరు. స్టాపులో బెంచీ తడిగా ఉంది. చేత్తో తుడిచి, ఒక పక్కకి జరిగి కూర్చున్నాను. పక్కన ఒక మనిషికి చోటుండేలా.

బస్సు దీపాలు చాలా ముందే కనిపించాయి. దగ్గరికి రావడానికి చాలాసేపు పట్టింది. ఆ సేపంతా నేను లేచి ఇంట్లోకి వెళ్ళిపోవచ్చు. కూర్చునే ఉన్నాను. అది వచ్చి ఆగింది. తలుపు తెరుచుకుంది. డ్రైవరమ్మ మొదట సంచీని చూసింది, తర్వాత నన్ను చూసింది.

"నా?" అంది.

"ముస్ యా," అన్నాను.

ఎక్కడికని ఆమె అడగలేదు. పక్కూరికి టికెట్ కొట్టి నా చేతిలో పెట్టింది. మిషను కిర్రుమన్న శబ్దం ఆమె కూడా విన్నది. దిగేటప్పుడు "మళ్ళీ ఎప్పుడు?" అంది.

"రేపూ ఎల్లుండీ బస్సు లేదు కదా. సోమవారం," అన్నాను.

పొలం బాటన నడిచి వచ్చాను. దుంపల పోగు ఈ ఏడాది ఇంకా ఉంది. దాని దగ్గర ఆగి వెనక్కి తిరిగి చూస్తే బస్సు ఇంకా కనిపిస్తోంది, చుక్కంత చిన్నదై. కనిపించినంతసేపూ నిలబడ్డాను. ఇల్లు చేరేసరికి ఫోన్ మోగుతోంది. ముందు డైరీ తీశాను.

శుక్రవారం. మబ్బు విడిచింది. బస్సు ఆగింది. ఎక్కినవాళ్ళు: నేను.